నాయక్‌కు అందని తీజ్

మా బాయి పోయిన నెలకు ఆమె రేకుపెట్టె తెరిచాం. మా భాషలో బాయి అంటే అక్క. పెట్టెలో ఏమేం ఉంటాయో నాకు తెలుసనే ధీమాతో కూర్చున్నాను. అద్దాలు కుట్టిన రవిక, గవ్వల సంచి, జుట్టుకు కట్టుకునే వెండి ఘుగ్రీలు, మనవడు చిన్నప్పుడు వేసుకున్న స్వెట్టరు. అన్నిటికీ అడుగున ఎర్రగుడ్డ ముక్కలో కట్టిన చిన్న మూట ఉంది. విప్పితే పిడికెడు ఎండుగడ్డి. గోధుమ గడ్డి. పచ్చదనం ఎప్పుడో పోయి మట్టిరంగు వచ్చేసింది. "ఇదేంది చిన్నత్తమ్మా, ఎలుకలు తెచ్చి పెట్టినయా?" అని బాయి కోడలు దాన్ని చెత్తబుట్టలో వెయ్యబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్న తీరుకు పాపం ఆ పిల్ల జడుసుకుంది.

ఆ గడ్డి ఎవరిదో నాకు తెలుసు. అది ఒకరి తలపాగాలోకి పోవాల్సింది. పోకుండా ఆగిపోవడానికి కారణం నేను. యాభై ఏళ్లకు పైగా మా బాయి దాన్ని దాచిపెట్టిందని మాత్రం నాకు తెలియదు. ఒక్కసారన్నా నాతో అనలేదు. ఆ మూటను చేతిసంచిలో పెట్టుకుని ఎల్బీనగర్‌లో మా ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకు ఒకచోట కుదురు లేదు. వంటింట్లోకి వెళ్లి ఎందుకొచ్చానో మరిచిపోతున్నాను. బాల్కనీలో నిలబడి వచ్చే మెట్రోను, పోయే మెట్రోను చూస్తున్నాను. టీవీ పెడతాను, ఆపేస్తాను. పైగా శ్రావణం దగ్గరపడింది. మొన్న తీజ్ కమిటీ పిల్లలు వచ్చారు. "మేడం, ఈసారి గూడ నాయక్ సారు కథ మీరే చెప్పాలె. మీరు చెప్తేనే జనం కూసుంటరు" అన్నారు. ఏటా చెబుతున్నదాన్ని, ఇప్పుడు కాదనడానికి ఏం సాకు దొరుకుతుంది? సరేనన్నాను. వాళ్లు వెళ్లాక తలుపేసుకుని చాలాసేపు తిట్టాను. వాళ్లను కాదు, నన్ను.

తీజ్ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. అది మా పెళ్లికాని ఆడపిల్లల పండుగ. వెదురు బుట్టల్లో పుట్టమన్ను, మేకల ఎరువు కలిపి పోసి, నానబెట్టిన గోధుమలు చల్లుతాం. తొమ్మిది రోజులు పూటపూటా పాడుకుంటూ నీళ్లు పోస్తాం. ఆ తొమ్మిది రోజులూ మాకు ఉప్పు లేదు, కారం లేదు. మొలిచిన గడ్డిని కూడా తీజ్ అనే అంటాం. తొమ్మిదో రోజున దాన్ని పీకి, పెద్ద మగవాళ్ల తలపాగాల్లో దోపి, మిగిలింది నీళ్లలో కలుపుతాం. అప్పుడు, అత్తారింటికి పోతున్న తోబుట్టువును సాగనంపినట్టు ఏడుస్తాం. పెళ్లయిన ఆడది మళ్లీ బుట్ట ముట్టదు. వీటన్నిటికీ ముందు ఒక షరతుంది. ఆడపిల్లలంతా తండా నాయక్ ఇంటికి వెళ్లి అడగాలి. ఆయన సరేనని మొదటి గుప్పెడు గోధుమలు తన చేత్తో వెయ్యాలి. నాయక్ మాట లేనిదే తీజ్ లేదు. చివరిరోజు మొదటి పిడికెడు కూడా నాయక్ తలపాగాకే పోవాలి.

ఆ గడ్డి మొలిచిన ఏడు మాకు నాయక్ లేడు. ఆ మాటకొస్తే తండానే లేదు.

లోకం మమ్మల్ని లంబాడోళ్లంటుంది, మేం మాత్రం గోర్‌లమని చెప్పుకుంటాం. మా చరిత్రంతా మా దాదీ నోట్లో ఉండేది. దాదీ అంటే నాయనమ్మ. జొన్నరొట్టె పెనం మీద వేసి, అది కాలేలోపల రెండు మూడు వందల ఏళ్లు చెప్పేసేది. మన తాతల తాతలు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యం వేసుకుని రాజస్థాన్ నుంచి దేశమంతా తిరిగారట. దండు ముందు నడవాలంటే వెనక మన ఎద్దులు రావాల్సిందేనట. "ఉప్పు మోసినోళ్ల పిల్లలు తొమ్మిది రోజులు ఉప్పు మానేస్తరు, సూడు మన పండుగ" అని నవ్వేది. తర్వాత రైలు వచ్చింది, ఎద్దులకు పని పోయింది. మావాళ్లు దేవరకొండ దిక్కు గుట్టల్లో తండాలు వేసుకున్నారు. మా గురువు సేవాభాయాకు తెల్లజెండా, మా దేవత మేరామ యాడికి ఎర్రజెండా పాతుకున్నారు. కృష్ణ మీద ఆనకట్ట లేచి నీళ్లు నిలిచాక ఆ జెండాలు పాతిన చోటు అడుగున పడిపోయింది. నాయక్ సగం ఇళ్లను వెంటబెట్టుకుని ఏటికి ఆవలి ఒడ్డుకు వెళ్లాడు. మిగిలిన మేం సాగర్ రోడ్డు పట్టుకుని పట్నం వైపు వచ్చాం. ఆవలి ఒడ్డున మావాళ్లు సర్కారు కాగితాల్లో గిరిజనులు, ఈవలి ఒడ్డున మేం కాము. ఒకే పాట, ఒకే దేవత, ఒకే గోత్రం, ఏరు దాటితే వేరే లెక్క. చాలా ఏళ్లకు ఈ ఒడ్డునా రాశారు. దానివల్లే నాకు టీచర్ ట్రైనింగులో సీటు వచ్చిందనుకోండి, కాదనను. కానీ దాదీ అప్పటికి లేదు. ఉంటే, మనమెవరమో వాళ్లకు ఇప్పుడు తెలిసిందా అని ఒక తిట్టు తిట్టేది.

అప్పటి దిల్‌సుఖ్‌నగర్‌ను ఇప్పుడు ఎవరికన్నా చూపిద్దామన్నా వీలు లేదు. అక్కడక్కడా కొత్త ఇళ్లు, మధ్యలో కంపచెట్లు, కొత్తపేట దాటితే పొలాలూ ద్రాక్షతోటలూ. నీలం గేటు ఉన్న ఒక ఇంటికి మా బాపు, యాడి ఇటుకలు మోశారు. అమ్మానాన్నలను మేం అలా పిలుస్తాం. ఇల్లు పూర్తయ్యాక ఆ ఇంటాయన, పక్కన తనదే ఖాళీ స్థలం ఉంటే, "ఊరికే వదిలేస్తే ఎవడో ఒకడు కబ్జా చేస్తాడు, మీరే ఉండండి" అన్నారు. ఆరు గుడిసెలు వేసుకున్నాం. ఆయనది తెనాలి పక్క ఊరు. సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు. మేమంతా సారు అనేవాళ్లం. పొద్దున్నే మా వైపు నుంచి మేకల వాసన, వెల్లుల్లి కారం వాసన వాళ్లింటికి వెళ్లేవి, వాళ్ల వంటింటి కిటికీలోంచి కాఫీ వాసన మాకు వచ్చేది. సారు భార్య కామేశ్వరమ్మ గారు మడీ ఆచారం మనిషే, కానీ నోరు సరదా నోరు. వాళ్లకు ఒక్కతే కూతురు, శారద. నాకు పన్నెండేళ్లు, దానికి ఎనిమిది. బడులు నెలల తరబడి మూసేశారు కాబట్టి పొద్దంతా నా వెంటే తిరిగేది. నేను ఏది చేస్తే అది చేసేది. నేను ఉమ్మితే అదీ ఉమ్మేది.

బడులు ఎందుకు మూసేశారో నాకు అర్థమైనంతవరకు అర్థమైంది. అది అరవై తొమ్మిది, ప్రత్యేక తెలంగాణ కావాలని కుర్రవాళ్లు రోడ్ల మీదికి వచ్చారు. ముల్కీ ఎవరు, గైర్ ముల్కీ ఎవరు అని ఎక్కడ చూసినా అదే మాట. ముల్కీ అంటే ఇక్కడివాడు, గైర్ ముల్కీ అంటే బయటివాడు. ఒకరోజు కాలేజీ పిల్లలు మా గుడిసెల దగ్గరికి వచ్చి, "అవ్వా, మీరు ముల్కీలా?" అని దాదీని అడిగారు. దాదీ చేట పక్కన పెట్టి, "మా ఎద్దు యాడ కూసుంటే గాడ మేం ముల్కీలం బిడ్డా. ఇప్పుడు ఎద్దు గూడ లేదు, జర మంచినీళ్లు తాగి పోండ్రి" అంది. వాళ్లు నవ్వి, నీళ్లు తాగి, జై కొట్టి వెళ్లారు. మంచి పిల్లలే. వాళ్ల కోపంలో న్యాయం ఉందని బాపు అనేవాడు. నేనూ ఇప్పటికీ అంటాను.

ఇక మా బాయి జమ్లీ సంగతి. వానలు తగ్గాక దాని పెళ్లి. తండా మునిగాక రెండేళ్లు తీజ్ లేకుండా గడిచాయి. ఈ శ్రావణం దాటితే దాని జన్మకు ఇక తీజ్ లేదు. బాయి అలిగి అరిచే మనిషి కాదు. పిండి పిసికేది, రొట్టె చేసేది, తనకు ఒద్దనేది. నాలుగు రోజులు అలా చూశాక దాదీకి మనసు ఒప్పలేదు. మా ఐదుగురు ఆడపిల్లలను కూర్చోబెట్టి తన తీర్పు చెప్పింది. "నాయక్ అంటే ఎవరు? మనకు పొయ్యిరాళ్లు పెట్టుకోను జాగ ఇచ్చినోడు. ఇక్కడ ఎవరిచ్చిండ్రు? గా సారు. అయితే ఆయననే నాయక్." బాపు ముందు నవ్వాడు, తర్వాత దాదీ ముఖం చూసి ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున సారు అరుగు మీద పేపరు చదువుకుంటుంటే మేం బుట్టలతో గేటు తీసుకుని లోపలికి వెళ్లాం. దాదీ ముందు నిలబడి, "నాయక్, పిల్లలు తీజ్ పోసుకుంటరు. హుకుం ఇయ్యి" అంది.

"ఏవిటమ్మా, ఏం పోస్తారు?" అన్నారు సారు కళ్లజోడు సర్దుకుని.

"గోధుమలు. బుట్టలల్ల. ఆడపిల్లల పండుగ. నువ్వు సరే అంటెనే అయితది."

"దానికి నా పర్మిషనెందుకమ్మా? శుభ్రంగా చేసుకోండి."

"గట్ల కాదు. నీ చేత్తోని ఎయ్యాలె."

ఆయన బిక్కముఖం వేసి లోపలికి చూశారు. కామేశ్వరమ్మ గారు బయటికి వచ్చి, దాదీ నానబెట్టి తెచ్చిన గోధుమలు ఆయన ముందుకు జరిపి, "వెయ్యండి, పోయేదేముంది? ఫైళ్లు కదిపే చేత్తో వేస్తే మొలుస్తాయా అనేదే నా అనుమానం" అన్నారు. సారు లేచి, ఎందుకనో చెప్పులు విడిచి, ఒక్కో బుట్టలో గుప్పెడు చొప్పున వేశారు. శారద తనకూ బుట్ట కావాలని కాళ్లు నేలకేసి కొట్టింది. కామేశ్వరమ్మ గారు కాసేపు తటపటాయించి, ఉప్పు మానేస్తే అన్నం తినదేమోనని గొణిగి, చివరికి సరేనన్నారు. ఆరో బుట్ట చిన్నది, శారదది. మా బాయి ఆ పొద్దు నాలుగు రొట్టెలు తింది.

సారుకు తెలియని విషయం ఏమిటంటే, సరేనన్నవాడు నిజంగానే నాయక్ అవుతాడు. పిల్లలు పొద్దునా సాయంత్రం ఆయన గుమ్మం ముందు పాడి వెళ్లాలి. తండాలో పంచాయితీ వస్తే ఆయన తీర్చాలి. మూడో రోజున ఇద్దరాడవాళ్లు ఒక కోడి నాదంటే నాదని కొట్టుకుంటూ వస్తే, దాదీ వాళ్లను తిన్నగా ఆయన ముందుకు తోలుకెళ్లింది. సారు గడ్డం గీసుకుంటున్నారు. సగం నురగతోనే రెండు పక్షాల వాదనా విన్నారు. కోడిని వదలండి, ఏ గుడిసెలోకి పోతే వాళ్లది అన్నారు. అది కాస్తా ఆయన వంటింట్లోకి పోయింది. అందరూ పడీపడీ నవ్వారు, తగువు తెగిపోయింది. "ఆఫీసులో రాని ప్రమోషను ఇక్కడొచ్చింది మీకు" అని కామేశ్వరమ్మ గారు వేళాకోళం చేశారు. కానీ ఆయనకు అది నచ్చిందని నాకు తెలిసిపోయింది. సాయంత్రం రాగానే చొక్కా అయినా మార్చకుండా బుట్టలు చూడ్డానికి వచ్చేవారు. మొలకలు ఎంత పెరిగాయని ముందు నన్నే అడిగేవారు. నేను జానతో కొలిచి చెప్పేదాన్ని.

ఇంకో నియమం కూడా దాదీ ఆయనకు చెప్పింది. తొమ్మిది రోజులు నాయక్ తండా విడిచి పోకూడదు. "మరి ఆఫీసుకి?" అని అడిగారు సారు. "పొద్దుగూకే వరకు రావాలె" అంది దాదీ. మధ్యలో నాయక్ పోతే తీజ్ తెగుతుందని, తీజ్ తెగిన పిల్లకు అత్తారింట్లో బెంగ తీరదని కూడా చెప్పింది. మా బాయి ఆ మాట వింటూ తల వంచుకుని బుట్టలో నీళ్లు చిలకరిస్తూ ఉంది. సారు దాని వైపు చూసి, ఎక్కడికీ వెళ్లను లెమ్మన్నారు.

అటు చూస్తే ఊరు రోజురోజుకూ వేడెక్కుతోంది. పక్క వీధిలో కోస్తావాళ్ల ఇంటి అద్దాలు పగిలాయి. కామేశ్వరమ్మ గారి నవ్వు ఆగిపోయింది. తెనాలి వెళ్లిపోదామని పూటపూటా పోరేవారు. ఆరో రోజుకల్లా ఆవిడ మాట కొంత, సారు మాట కొంత నెగ్గింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి జీపు మాట్లాడారు. తీజ్ పొద్దున్నే అయిపోతుంది, అయిపోగానే బయల్దేరవచ్చని.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం నేను పిండిగిర్నీకి వెళ్లాను. మర్నాడు దేవతకు పెట్టే చుర్మోకు, అంటే రొట్టె నలిపి బెల్లం, నెయ్యి కలిపే ప్రసాదానికి, గోధుమపిండి కావాలి. గిర్నీ నడిపే యాదగిరి మామ నా డబ్బా అందుకుని, చుట్టూ చూసి, గిర్నీ చప్పుడులో నా చెవి దగ్గర వంగి చెప్పాడు. "మీ సారుకు చెప్పు బిడ్డా. రేపు పొద్దుగాల పోరగాండ్లు నీలం గేటు దిక్కు వస్తరట. నేనంటే ఇనేటట్టు లేరు. ఇయ్యాల్లనే ఇల్లు ఇడిసి పొమ్మను. మరువకు." నేను తలూపాను. నెత్తిన వెచ్చటి పిండిడబ్బా పెట్టుకుని నడుస్తూ దారి పొడుగునా లెక్క వేసుకున్నాను. చెబితే ఈ సాయంత్రమే పోతారు. పోతే తీజ్ తెగుతుంది. బాయి మళ్లీ రొట్టె మానేస్తుంది, పెళ్లయి పోతుంది, ఇక ఎప్పటికీ తీజ్ లేదు. చెప్పకపోతే? ఏమవుతుంది, అరుస్తారు, ఒక అద్దం పగులుతుంది. పన్నెండేళ్ల బుర్రకు అంతకంటే పెద్ద నష్టం తోచలేదు.

గేటు దగ్గర సారు నిలబడి ఉన్నారు. "ఏమ్మా చాందీ, ఎంత పెరిగింది?" అన్నారు.

"జానెడు దాటింది సారూ" అన్నాను.

అంతే చెప్పాను. ఇంకో మాట చెప్పడానికి నోరు ఉంది, సమయం ఉంది, ఎదురుగా ఆయన ఉన్నారు. చెప్పలేదు. ఆ తర్వాత ఏం చేశానో అంతగా గుర్తు లేదు, శారదతో అష్టాచెమ్మా ఆడుకుని ఉంటాను.

తొమ్మిదో రోజు పొద్దున చిన్న తుంపర పడి ఆగింది. దాదీ మా తాత ఎర్రతలపాగా తీసి సారు తలకు స్వయంగా చుట్టింది. కళ్లజోడు మీదికి ఒకటే జారిపోతుంటే ఆయన రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు, మేం నవ్వాం. శారద మాత్రం పొద్దున్నుంచీ ఆయన పంచె పట్టుకుని వదల్లేదు. ఎత్తుకోమని ఏడ్చింది, లోపలికి పోదామని లాగింది. "ఊరికి పోవాలని తొందర దీనికి" అన్నారు కామేశ్వరమ్మ గారు. బుట్టలు దించి, నెయ్యీ చుర్మో నిప్పుల మీద వేసి మొక్కాం. ఆ పొగ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పెద్దపిల్ల కాబట్టి మా బాయి మొదటి పిడికెడు తీజ్ పీకి, మునివేళ్ల మీద లేచి తలపాగాలో దోపబోయింది. అప్పుడే సందు మొదట్లో నినాదాలు వినిపించాయి. సారు తల అటు తిప్పారు. రాయి ఎవరు విసిరారో మేం చూడలేదు. కళ్లజోడు పగిలిన చప్పుడు విన్నాం. ఆయన చెంప మీదుగా నెత్తురు కారి తలపాగా కొసలోకి ఇంకింది. విసిరినవాళ్లు కూడా అంత అనుకోలేదేమో, ఒక్కసారిగా నినాదాలు ఆగిపోయాయి, కాళ్ల చప్పుడు దూరమైంది.

బాపు వాళ్లు నులకమంచం మీద వేసుకుని దవాఖానకు పరిగెత్తారు. ఎడమ కన్ను పోయింది. మాకు ఆ మాట తెలిసేసరికి మధ్యాహ్నమైంది. అయినా దాదీ, మొదలుపెట్టిన తీజ్ ఇంట్లో ఉండకూడదని మమ్మల్ని సరూర్‌నగర్ చెరువుకు నడిపించింది. ఏటా ఆచారం కోసం ఏడ్చేవాళ్లం, ఆ రోజు నిజంగానే ఏడ్చాం. మా బాయి ఒక్క పిడికిలి మూసే ఉంచింది. బుట్ట వదిలింది గానీ పిడికిలి తెరవలేదు.

తిరిగొచ్చేటప్పుడు గిర్నీ ముందు యాదగిరి మామ నన్ను ఆపాడు. ముఖం పాలిపోయి ఉంది. "చెప్పలేదా బిడ్డా?" అన్నాడు. దాదీ, బాయి, అందరూ వింటున్నారు. "చెప్పిన. ఆయననే పోలే" అన్నాను. అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. దాదీ అక్కడే దారిలో నిలబడిపోయి రెండు చేతులూ జోడించింది. "తెలిసి గూడ పోలే. గాయన నాయక్" అంది. సాయంత్రానికి ఆ మాట ఆరు గుడిసెల్లో ఉంది. పెళ్లినాటికి దేవరకొండ తండాల్లో ఉంది.

సారు వాళ్లు దవాఖాన నుంచి అటే ఊరికి వెళ్లిపోయారు. వాళ్లు తిరిగొచ్చేలోపే మేం ఎల్బీనగర్ వైపు, అప్పట్లో రాళ్లూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేని చోటికి, మారిపోయాం. చాలా ఏళ్లకు ఒకసారి దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో ఆయన్ను చూశాను. నల్లద్దాలు, చేతిలో కూరల సంచి. నేను అప్పటికి టీచర్ని. పిల్లలకు నిజమే పలకాలని రోజూ చెప్పేదాన్ని. రోడ్డు దాటి అవతలి వైపుకు వెళ్లిపోయాను, నా బస్సు అటు వైపు కాకపోయినా.

ఇప్పుడు మా తీజ్ ఫంక్షన్ హాల్లో. గోధుమలు ప్లాస్టిక్ టబ్బుల్లో, నాయక్ ఛాతీ మీద బ్యాడ్జీ, పాటలకు డీజే. పిల్లలకు ఉప్పు మానమని చెబితే ఆన్‌లైన్లో ఏదో తెప్పించుకుంటారు. అయినా వందలమంది వస్తారు, తలెత్తుకుని గోర్‌లమని చెప్పుకుంటారు, అది నాకు సంతోషమే. ఆ వేదిక మీద ఏటా నాయక్ సారు కథ చెప్పేది నేను. ఒక ఆంధ్రా ఆయన మాకు నాయక్ అయ్యాడని, దాడి జరుగుతుందని తెలిసీ "నాయక్ తండా విడిచి పోడు" అని నిలబడ్డాడని, కన్ను ఇచ్చాడని. ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. ఆయనతో అనిపించింది నేను, మైకు ముందు. మలి ఉద్యమంలో నేనూ ఎల్బీనగర్ చౌరస్తాలో బైఠాయించాను, గొంతు పోయేలా జై తెలంగాణ అన్నాను, రాష్ట్రం వచ్చిననాడు ఏడ్చాను. కానీ ఒకరోజు నా పక్కన ఒక కుర్రాడు వంగి నేల మీద ఏదో తీసుకుంటే అక్కడి నుంచి లేచి ఇంటికి వచ్చేశాను. వాడు తీసుకున్నది జారిపోయిన వాడి సెల్‌ఫోనే.

మొన్న గురువారం ఎండుగడ్డి మూట తీసుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. మెట్రో దిగి, కోచింగ్ సెంటర్ల పిల్లల మధ్య నుంచి తోసుకుంటూ ఆ సందు పట్టుకున్నాను. నీలం గేటు చోట ఐదంతస్తుల అపార్టుమెంటు ఉంది. వాచ్‌మన్‌ను అడిగితే, రెండో అంతస్తులో శారద ఉంటోందని, బ్యాంకులో చేసి రిటైరైందని చెప్పాడు. తలుపు తీసి ఒక్క క్షణం చూసి, "చాందీ కదూ" అంది. గోడ మీద సారు ఫొటో, నల్లద్దాలతో. కాఫీ అదే వాసన. నేను గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. గిర్నీ, యాదగిరి మామ మాట, గేటు దగ్గర సారు అడగడం, నేను జానెడు దాటిందని ఊరుకోవడం. చెప్పి, ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను. ఇన్నేళ్లూ ఒక్కదాన్నే మోశానని కూడా అన్నాను.

శారద ఖాళీ కప్పు బల్ల మీద పెట్టింది. "ఒక్కదానివే మోశావా? నాకు తెలుసు కదా చాందీ" అంది.

"ఎట్ల తెలుసు?"

"యాదగిరి మామ మాట నువ్వే నాకు చెప్పావు. ఆ సాయంత్రమే, నీళ్ల తొట్టి దగ్గర. ‘మీ నాన్నకి చెబితే మా జమ్లీ బాయి తీజ్ తెగిపోతుంది, చెప్పనని నీ బుట్ట మీద ఒట్టు వెయ్యి’ అన్నావు. వేశాను. నువ్వు గవ్వలు తీసుకుని ఆడుకోడానికి వెళ్లిపోయావు."

ఎంత తవ్వుకున్నా ఆ తొట్టి నాకు గుర్తుకు రాలేదు. పంచె పట్టుకుని వదలని ఆ పిల్ల మాత్రం కళ్లకు కట్టింది.

"ముందే వెళ్లిపోదామంటే విన్నారు కాదని అమ్మ చచ్చిపోయేదాకా నాన్నని దెప్పింది" అంది శారద. "నేను పక్కనే కూచుని అన్నం తింటూ ఉండేదాన్ని. నాన్న ఒక్కటే అనేవారు, ఆ పిల్ల చేతిలో గడ్డి ఏమైందో అని."

నేను మూట ఆమె ముందుకు చాచాను. విప్పి చూసింది, వాసన చూసింది, మళ్లీ కట్టి నా ఒళ్లోనే పెట్టింది. "నువ్వు స్టేజీ మీద చెప్పే కథ ఫోన్లో చూశాను. బాగా చెబుతావు. నాన్నని దేవుణ్ణి చేశావు. పాపం ఆయనకి ఏమీ తెలీదు, మొలకలు బాగా పెరిగాయని సంబరపడుతూ నిలబడ్డారంతే. అది చెప్పు ముందు. చెప్పాక తీసుకురా, ఫొటోకి పెట్టుకుంటాను." కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

మెట్రోలో ఆ మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దాదీ చేతులు జోడించిన చోటు, బాయి మూసిన పిడికిలి, వందలమంది నాకు కొట్టిన చప్పట్లు, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. నిజం చెబితే మావాళ్లు నన్ను ఏమంటారో తెలియదు. ఒక మంచి కథ పోగొట్టినందుకు కొందరు కచ్చితంగా క్షమించరు. ఇంటికి వచ్చి చెప్పులైనా విప్పకుండా కమిటీ పిల్లవాడికి ఫోన్ చేశాను. కథ చెబుతాను గానీ ఈసారి వేరేగా చెబుతాను, ముందు వరుసలో ఒక కుర్చీ ఉంచమన్నాను. వస్తుందో రాదో నాకు తెలియదు, అయినా ఉంచమన్నాను.

"ఎవరికి మేడం? చీఫ్ గెస్టా?" అన్నాడు.

"కాదు. మాతో తీజ్ పోసిన పిల్లకు."

పేరు రాసుకుంటాను చెప్పమన్నాడు. శారద అని చెప్పాను. ఇన్నేళ్లుగా చెబుతున్న ఆ కథలో ఆ పేరు పలకడం నాకు అదే మొదటిసారి.